పేరు పెట్టి పిలిచిన రోజు

ఆదోనిలో అపాచీ అంటే మోటారు సైకిలు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన రంగనాథ, ఆ పేరు మొదట ఒక జాతిదని, అమెరికా నైరుతి ఎడారుల్లో వారు ఇప్పటికీ ఉన్నారని చెప్పీ చెప్పీ అలసిపోయాడు. వారి గురించి తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాడు. వీధి చివర మెకానిక్ నాగేష్ ఆయన పాత విద్యార్థి.

“ఏం సార్, అపాచీ పుస్తకం యాడిదాకా వచ్చింది? మైలేజీ ఎంతిస్తాదో రాసినారా?”

“పెట్రోలు లేకుండా కొండలెక్కి, సైన్యానికి దొరక్కుండా తిరిగినార్రా వాళ్లు. అది రాసినాను.”

“అయితే సెకండ్ హ్యాండ్‌లో దొరికితే సెప్పండి సార్.”

ఇంట్లో ఇంతపాటి సంభాషణ కూడా లేదు. భార్య భీమాబాయి పోయి ఏడాది. ఆమె ఉన్నప్పుడు వంటింట్లోంచి, “మీ వాళ్లు ఈ పొద్దన్నా కొండ దిగినారా, అన్నం పెట్టేదా?” అని అడిగేది. ఆమెను పిలవాలంటే ఆయన గొంతు సవరించుకునేవాడు. నలభై ఒక్కేళ్ల కాపురంలో ఆమె పేరు ఆయన నోట రాలేదు. ఆ కాలపు ఇళ్లలో అది మర్యాద. దానిని ప్రేమ అనడానికి తగిన ఆధారం లేదు; కాదనడానికీ లేదు.

పుస్తకంలో చివరి అధ్యాయం మరణం గురించి. మనిషి పోతే అపాచీలు అతని గుడిసెను, వస్తువులను కాల్చి మకాం మార్చేవారు. అతని పేరు పలికేవారు కారు. పలికితే పిలిచినట్టని, పిలిస్తే వస్తారని జంకు. తరగతిలో దీనిని మూఢనమ్మకమని రంగనాథ ఏళ్ల తరబడి చెప్పాడు. ఆ మాట తుడిచేయడానికి ఇప్పుడు నల్లబల్ల లేదు. వారిలో చిరికాహువా అనే శాఖవారు బతికున్నవారిని సైతం ఎదురుగా పేరుతో పిలిచేవారు కారు. గడ్డుకాలంలో పేరు పెట్టి అడిగితే మాత్రం అవతలి మనిషి కాదనరాదు. ఈ వాక్యం దగ్గర ఆయన రాత మూడు నెలలుగా ఆగి ఉంది.

ఏడాది తిరిగాక పెట్టే ఏడూడి తద్దినం నాడు భీమాబాయి అన్నకొడుకు గురుదత్ మంత్రాలయం నుంచి వచ్చాడు. మోకాలి ఆపరేషన్ వల్ల రంగనాథ కూర్చోలేకపోతే, అప్పటి కర్మలు, నెలనెలా మాసికాలు అతడే చేశాడు. ఈసారి రంగనాథే పీట మీద కూర్చున్నాడు, గురుదత్ మంత్రం చెప్పిస్తున్నాడు. వేలికి దర్భ ఉంగరం, అరచేతిలో నువ్వులు, నీళ్లు. గోత్రం చెప్పి ఆగిపోయాడు.

“పేరు చెప్పండి మామా.”

“నువ్వు చెప్పు. నీకు తెలుసు కదా.”

“నాకు తెలిస్తే చాలదు, కర్త మీరు. పేరు లేకుంటే అత్తకు ఎట్ల చేరుతాది? అడ్రసు లేని ఉత్తరం అయితాది.”

“ఒకసారి దగ్గితే వచ్చేది.”

గురుదత్ నవ్వబోయి మానుకున్నాడు. “ఇప్పుడు అది పనికిరాదు మామా.”

రంగనాథ చిక్కు విశ్వాసానికి సంబంధించినది కాదు. ఇన్నేళ్లు పలకకుండా దాచుకున్న పేరును, ఆమె లేదని ఒప్పుకోవడానికే తొలిసారి పలకాలి. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. గురుదత్ మళ్లీ పోశాడు.

“భీమాబాయి,” అన్నాడు రంగనాథ, మంత్రంలో ఇమిడేంత చిన్నగా.

మధ్యాహ్నం బస్సుకు గురుదత్ వెళ్లిపోయాడు. రంగనాథ వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. గొంతు సవరించుకోలేదు. పేరు పెట్టి, ఇంటి చివరిదాకా వినబడేలా పిలిచాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు.

తర్వాత వెళ్లి, ఆగిన వాక్యం కింద మరొకటి రాశాడు: “ఈ నియమం బతికున్నవారికే వర్తిస్తుంది.”