ఒకవేళగారి వరద

ఆనకట్ట గేట్ల ఇంజనీరుగారికి ఎవరేం చెప్పినా "ఒకవేళ..." అంటూ మళ్లీ మొదటికి రావడం జబ్బు. ఆఫీసంతా ఆయన్ని వెనకాల ఒకవేళగారు అనేది. ఎదురుగా అనే ధైర్యం ఆయన భార్యకే ఉండేది.

"గొడుగు తీసుకెళ్లండి" అంటుందావిడ.

"ఒకవేళ వాన రాకపోతే?"

"అయితే మానెయ్యండి."

"ఒకవేళ వస్తే?"

గుమ్మంలో ఈ వాదన తేలేలోపు వాన వచ్చి, కురిసి, వెళ్లిపోయేది.

ఇంటి బయట ఈ జబ్బుకు బలయ్యేది కంట్రోల్ రూములోని ఆపరేటరమ్మాయి. ఎగువన పడ్డ వాన, జలాశయంలోని నీళ్లు, కాలువల అవసరం, దిగువ ఊళ్ల భద్రత అన్నీ లెక్కగట్టి, ఏ గేటు ఎప్పుడు ఎంత ఎత్తితే మంచిదో సలహా చెప్పే కంప్యూటర్ ఆమె చేతిలో ఉంది. మీట నొక్కితే జవాబు. ఒకవేళగారికి మాత్రం జవాబంటే ఇంకో ప్రశ్నకు దారి.

"సార్, చిన్న కాలువకు నీళ్లు వదలమంటోంది."

"ఒకవేళ రైతులంతా ఒకేసారి తూములు తెరిస్తే?"

ఆమె నొక్కింది. "అప్పుడూ వదలమనే."

"ఒకవేళ ఒక్కరూ తెరవకపోతే?"

"సార్, దీనికి నోరుంటే మిమ్మల్ని తిట్టిపోసేది."

"ఒకవేళ ఉంటే, ఏమని తిట్టేదంటావ్?"

ఎండాకాలంలో ఒక పొద్దున ఎగువన అకాల వాన దంచికొట్టింది. మధ్యాహ్నానికి వరద చేరుతుందనీ, గేట్లన్నీ ఇప్పుడే పూర్తిగా ఎత్తమనీ కంప్యూటర్ చెప్పింది. ఆమె ఆ మాట చదివి వినిపించగానే పెద్ద ఇంజనీరు ఫోన్ చేశాడు.

"ఏమంటోందయ్యా నీ కంప్యూటర్?"

"ఇంకా లెక్కలు కడుతోందండీ" అన్నారు ఒకవేళగారు.

ఆమె నోరు తెరిచింది. ఆయన కళ్లతోనే మూయించి, ఫోన్ పెట్టేశారు.

"ఒకవేళ ఒక్క గేటు జానెడెత్తి, మిగతావి ఆపితే ఆనకట్టకు ప్రమాదమా? అడుగు."

అడిగింది. "మధ్యాహ్నం దాకా లేదు సార్. దాటితే ఉంది. అయినా ఆపడం ఎందుకు? కింద మ్యాప్‌లో ఉత్త ఇసుకేగా!"

"ఆ ఇసుకలో పుచ్చ పాదులున్నాయమ్మా. పాదుల మధ్య గుడిసెలున్నాయి. ఏటిలో సాగుకు అనుమతి లేదు, అందుకని మ్యాప్‌లో వాళ్లూ లేరు."

"పెద్దసారుకి చెప్పొచ్చుగా?"

"నిరుడు చెప్పాను. అక్కడ ఉండమని ఎవరన్నారు అన్నారు. అదే కంప్యూటర్ ఆలోచిస్తోందంటే మారు మాట్లాడరు."

ఒక గేటు జానెడు లేచింది. కాపలాదారు సైకిలెక్కి గట్టు వెంట కేకలేస్తూ పోయాడు. ఇసుకలో పలచగా నీళ్లు పారాయి. గుడిసెల్లోంచి పిల్లలూ చాపలూ గట్టుకు కదలడం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.

మళ్లీ ఫోన్. "ఏంటయ్యా, ఇంకా అవలేదా మీ ఒకవేళలు?"

ఈసారి రిసీవర్ ఆమె లాక్కుంది. "ఇంకొక్కటి మిగిలింది సార్!"

"ఆయన జబ్బు నీకూ అంటిందా!" అని పెద్దాయన విసురుగా పెట్టేశాడు.

మధ్యాహ్నానికి గేట్లన్నీ లేచాయి. అప్పటికి ఇసుకలో మనిషన్నవాడు లేడు.

సాయంత్రం బురద కాళ్లతో, చంకలో పెద్ద పుచ్చకాయతో ఒకావిడ ఆఫీసులో అడుగుపెట్టింది. "నీళ్లు వదిలిన మహానుభావుడు ఎవరండీ?"

దండం పెట్టడానికి వచ్చిందనుకుని, ఆపరేటరమ్మాయి గర్వంగా ఒకవేళగారిని చూపించింది.

"నువ్వేనా? ఇదేం వదలడం నాయనా! మడమల దాకా నీళ్లొస్తే పిల్లల్ని తీసుకుని గట్టెక్కేశాను. మా ఆయన ఊరుకున్నాడా? 'ఇంకా టైముందే, ఆ వరస కాయలు కూడా తెద్దాం' అంటూ చేనంతా నాచేత మోయించాడు. ఆఖరికి గుడిసె గుంజలు కూడా పీకించాడు. నడుం విరిగిపోయింది! వదిలితే ఒక్కసారే వదలకూడదూ?"

ఒకవేళగారు బడిపిల్లాడిలా చేతులు కట్టుకున్నారు. "తప్పయిందమ్మా."

ఆవిడ ఆ చేతులు విప్పదీసి, పుచ్చకాయ వాటిలో పెట్టింది.

"ఇంటిదాకా మొయ్యి, తెలుస్తుంది" అని చక్కా పోయింది.