ఉప్పునీటి మొసలికి భద్రతా ప్రమాణం

విజయనగరం నుంచి భిలాయి వెళ్లాలంటే రాయగడ మీదుగా దుర్గ్ పోయే రైలెక్కితే చాలు. కిటికీ పక్క సీటు దొరికితే కొండలు చూడొచ్చు. దొరక్కపోతే, నాలాగా, ఎదుటివాళ్ల పులిహోర చూడొచ్చు. పులిహోర తెచ్చుకున్నావిడ భిలాయి పక్కనే చరోదా రైల్వే క్వార్టర్లలో ఉంటుందట. నేనెందుకు వెళ్తున్నానో విని నవ్వింది.

"ఏటి బాబూ, మొసలి కోసం ఇంత దూరమా?"

"మా మావయ్య కోసమండీ. మొసలి అదనం."

ఒడిశా తీరంలో మేకల్ని మాయం చేస్తున్న ఒక ఉప్పునీటి మొసలిని బోను పెట్టి పట్టారు. ఇంకెక్కడా చోటు లేక భిలాయి జూకి పంపుతున్నారు. మా బంధువుల్లో సగం మంది భిలాయి చేరింది కూడా ఇంకెక్కడా చోటు లేకే.

భిలాయి పవర్‌హౌస్ స్టేషన్లో దిగి, షేర్ ఆటోలో మావయ్య వాళ్లుండే క్యాంప్ 2కి చేరాను. మావయ్య ఉక్కు ప్లాంటులో క్రేన్ సిగ్నల్‌మేన్‌గా చేసి రిటైరై ఏడాదైంది. ఈలతో, చేతి సైగలతో క్రేన్ డ్రైవర్లకి దారి చూపడం ఆయన పని. ఈల మాత్రం ఇంకా మెడలోనే ఉంది. మొసలిని దించే పని తనకిమ్మని జూకి వెళ్లి అడిగితే గేటు దగ్గర్నుంచే పంపేశారట.

"కుక్కర్ ఈలేస్తే నేను లేస్తాను. ఈయనేస్తే ఎవులు లేస్తారు?" అంది అత్త. మావయ్య అన్నం సగమే తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే టికెట్లు కొని, అందరితో పాటు కంచె బయట నిలబడ్డాం. లారీ మీద బోను, బోనులో లారీ అంత మొసలి. ముగ్గురు ఆఫీసర్లు మూడు వైపుల నుంచి క్రేన్ డ్రైవరుకి చేతులూపుతున్నారు. బోను కాస్త లేచి, ఊగి, లారీని గుద్దింది. మావయ్య ఇక ఆగలేక ఈల ఊదాడు.

క్రేన్ ఠక్కున ఆగింది. డ్రైవరు భిలాయిలోనే కోహ్కాలో ఉండే మన తెలుగు కుర్రాడు, ఒకప్పుడు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసినవాడు. తల బయటపెట్టి, "సాబ్, ముగ్గురు ఇషారా చేస్తే నానెవులి మాటినాలి? ఆ అంకుల్‌ని లోపలికి రానీండి. లేపోతే నాను దిగిపోతాను" అన్నాడు.

రానిచ్చారు. వెళ్లగానే పనిలోకి దిగితే ఆయన మా మావయ్య ఎందుకవుతాడు? ప్లాంటులో భద్రతా ప్రమాణం, అంటే జాగ్రత్తగా పనిచేస్తామనే ప్రతిజ్ఞ, చెయ్యకుండా పని మొదలుపెట్టరు. కుడిచెయ్యి చాచి హిందీలో అందుకున్నాడు. చుట్టూ ఉన్నది ప్లాంటు మీద బతికే భిలాయి జనం. ఐస్‌క్రీమ్ బండివాడితో సహా అందరూ చేతులు చాచి వెంట పలికారు. ఆఫీసర్లూ పలికారు. మొసలి ఒక్కటే పలకలేదు. దాని నోటికి తాడు కట్టి ఉంది.

మావయ్య చెయ్యి పైకి లేచింది, బోను లేచింది. మొసలి తోకతో ఇనుమును బాదింది. బోను ఒరిగింది. మావయ్య పిడికిలి బిగించాడు. అంతా ఆగింది. ఐస్‌క్రీమ్ బండి గంట కూడా ఆగింది. ఊగడం తగ్గాక వేలు కిందికి చూపిస్తూ, మెల్లగా మడుగు గట్టు మీద దించాడు.

తాళ్లు విప్పాక మొసలి నీళ్లలోకి జారి దుంగలా పడుకుంది. "ప్లాస్టిక్‌దా ఏటి?" అన్నారెవరో. చూడ్డానికి వెళ్లాలనుకునేవాళ్లు నిదానంగా వెళ్లండి, అది ఎక్కడికీ పోదు.

తిరుగు రైల్లో ఎదుటి కుర్రాడు మొసలి సంగతి విని ఫోటో చూపించమన్నాడు. ఫోన్ తీశాను. ఏ ఫోటోలో చూసినా చెయ్యెత్తిన మావయ్యే. ఒక్కదాంట్లో మూలన తోక కొస ఉంది.

"ఈ పెద్దాయన ఎవరు భయ్యా?"

"మా మావయ్య. క్రేన్ సిగ్నల్‌మేన్."

రిటైరయ్యాడని చెప్పబుద్ధి కాలేదు.