ఐదేళ్ళ పిల్ల మెడ చూసి పెళ్ళి ఆపబోయాను

నా వైద్యం దెబ్బకు ఒక పెళ్ళి ఆగిపోబోయింది. నేను చూసింది పెళ్ళికొడుకుని కాదు సుమండీ, అతని ఐదేళ్ళ మేనకోడలి మెడని!

అప్పుడు హైదరాబాదు పాతబస్తీలోని ఉప్పుగూడలో ఒక చిన్న దవాఖానాలో నాకు కొత్త కొలువు. టీ తాగడానికి వెళ్ళినా స్టెతస్కోపు మెడలో పూలదండలా ఊగాల్సిందే. అక్కడి నర్సు సుగుణ సిస్టర్‌కు ముప్ఫయ్యేళ్ళ అనుభవం, నాకు మూడు వారాలది.

ఒక పొద్దున ఒకామె జ్వరంతో ఉన్న కూతురు పింకీని తీసుకొచ్చింది. తోడుగా తమ్ముడు రాజు. పిల్ల కుడి దవడ కింద కోడిగుడ్డంత వాపు. నేను కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాను.

"గవదబిళ్ళలు. వారంలో వాటంతటవే పోతాయి. ఈడొచ్చిన మగవాళ్ళకు అంటుకుంటే మాత్రం ఒక్కోసారి పిల్లలు పుట్టడం కష్టం."

రాజు మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. "ఏంది సాబ్? వచ్చే నెల నా లగ్గం! పొద్దుగాల ఇది నా పళ్ళెంలనే తిన్నది!"

"ఊకోరా!" అంది అక్క.

"ఎట్ల ఊకోవాలె? ఆడపిల్లోళ్ళకు ఇప్పుడే ఫోన్ చేస్త!"

బెంచీ మీదున్న డెబ్బై ఏళ్ళ తాత కూడా ఎందుకైనా మంచిదని వీధిలోకి నడిచాడు.

ఆ లొల్లిలోనే సుగుణ సిస్టర్ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాపును మెల్లగా తడిమింది.

"సార్, ఒక్కపారి ఇటు రాండ్రి. గవదలైతే చెవి ముంగట వాస్తది. గిది దవడ కిందికున్నది. ఎర్రగున్నది, కాలుతున్నది. నోరు తెరువు బిడ్డా."

వెనక పన్ను పుచ్చి నల్లగా ఉంది. అక్కడి సూక్ష్మక్రిములు దవడ కింది లింఫు గ్రంథికి పాకాయి. నా మాట విని వారం ఆగి ఉంటే చీము పట్టేది. గబగబా యాంటీబయాటిక్ రాసిచ్చాను.

"రెండు దినాలల్ల తగ్గకున్నా, మింగనీకె తక్లీఫ్ అయినా ఉరికి రా. తగ్గిందని మందు నడుమల ఆపకు," అని తల్లికి చెప్పి, "సారుకు ముందే తెలుసమ్మా. నాకు తెలుసో లేదో చూస్తుండు," అంది సిస్టర్.

వాళ్ళు వెళ్ళగానే తలుపు మూసి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. మూడో రోజుకు వాపు సగమైంది, తర్వాత పన్ను పీకించారు. రాజు లగ్గం కూడా అనుకున్న రోజుకే అయింది.

సిస్టర్ పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు నాకు సొంత క్లినిక్ ఉంది. నేనేమన్నా "అవును సార్" అనేవాళ్ళే చుట్టూ. పిల్లలెవరైనా మెడ వాచి వస్తే, "ఒక్కపారి ఇటు రాండ్రి" అన్న పిలుపు కోసం చెవులు ఇప్పటికీ వెతుక్కుంటాయి.

అందుకే నా స్టెతస్కోపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కుర్చీలోంచి లేవకుండా ఇక ఏ రోగమూ తేల్చను. తలుపు మూసి నవ్వే మనిషి లేనప్పుడు, తప్పు చేసి మాత్రం ఏం సుఖం?