బావగారు లేచారా?

ఆవిడ డాక్టరే. కానీ ఆవిడ చెయ్యి పట్టుకుని చూసిన రోగి అంటూ ఒక్కరూ లేరు. చుట్టాల్లో ఎవరికి దగ్గొచ్చినా, ఎవరి పిల్లాడికి కడుపులో నొప్పొచ్చినా ముందు ఆవిడకే ఫోను చేసేవాళ్ళు. అంతా విని, "ఎవరైనా మంచి డాక్టరుకి చూపించు పిన్నీ" అనేది. "మరి నువ్వెవరివే తల్లీ?" అని పిన్ని నెత్తి కొట్టుకునేది.

"అది పురుగుల డాక్టరు పిన్నీ. పేషెంటు ఎదురొస్తే గోడ దూకి పారిపోతుంది" అని పక్కనుంచి తమ్ముడు అందుకునేవాడు. పిన్ని నవ్వేది, అమ్మ నవ్వేది, ఆవిడకి ఒళ్ళు మండేది. పేరు మాత్రం అలా స్థిరపడిపోయింది. ఆస్పత్రి గేటు దగ్గర కాపలా మనిషి కూడా "నమస్తే పురుగుల డాక్టరమ్మా" అనేవాడు, అదేదో బిరుదైనట్టు.

నిజానికి తమ్ముడన్న మాటలో అబద్ధమేమీ లేదు. చదువుకునే రోజుల్లో తోటివాళ్ళంతా కత్తి పట్టాలనీ గుండె వినాలనీ ఉబలాటపడుతుంటే ఆవిడ మైక్రోస్కోపు ముందు కూర్చుని తిండి మర్చిపోయేది. కంటికి ఆననిది, ప్రాణం ఉందో లేదో కూడా తేల్చి చెప్పలేనిది, కొండంత మనిషిని మంచాన పడేస్తుందే, అదెలాగ? ఆ ప్రశ్న ఆవిడని పట్టుకుని వదల్లేదు. ఇంకో కారణం కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఎదుటి మనిషి ఏడిస్తే ఏం చెయ్యాలో ఆవిడకి తెలిసేది కాదు. కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. గాజు పలకతో ఆ బాధ లేదు కదా.

అలా వైరస్‌ల మనిషైంది. ఆస్పత్రి వెనకాల, దుప్పట్లు ఉతికే షెడ్డు దాటాక ఒంటి అంతస్తు భవనం, అదే ల్యాబు. బయటి గదిలో పరీక్ష యంత్రం, ఫ్రిజ్‌లు, ఒక ఫ్రీజరు, కాళ్ళు ఊగే రెండు స్టూళ్ళు. లోపలి గదికి రెండు తలుపులు. ఒకటి మూసుకుంటేగానీ రెండోది తెరుచుకోదు. బతికున్న వైరస్‌తో పనంతా అక్కడే. తలనుంచి కాలిదాకా సూటు, గ్లౌజుల మీద గ్లౌజులు. మాస్కు లోపల చెమట పెదాల మీదికి కారుతున్నా తుడుచుకోకూడదు. ముక్కు దురద పెట్టిందా, అది దాని ఖర్మ. ఆవిడ అక్కడ గంటలు గంటలు విసుగు లేకుండా ఉండేది. బయటికొచ్చాక చేతులు నానబెట్టిన బట్టల్లా ముడతలు పడి ఉండేవి. "ఆ చేతులు చూస్తే నువ్వే నాకు అమ్మలా ఉన్నావే" అనేది అమ్మ.

తమ్ముణ్ణి ఇంట్లో చిన్నోడు అనేవాళ్ళు. అదే ఆస్పత్రిలో అంబులెన్సు డ్రైవరు. బండికి పని లేనప్పుడు వార్డులనుంచి శాంపిళ్ళ పెట్టె తెచ్చి ల్యాబు కిటికీ గట్టు మీద పెట్టి, అద్దం మీద టకటకా కొట్టి, "అక్కా, పార్సిలు!" అని అరిచేవాడు.

"మెల్లిగా పెట్టరా వెధవా, పగిలితే ఇద్దరం పోతాం."

"పోతే పోదాం. అమ్మకి వంట పని తగ్గుతుంది."

ఇలాంటి మాటలు మనం ఎంత తేలిగ్గా అనేసుకుంటామో!

ఆ ఏడాది ఎర్రకళ్ళ జ్వరం వచ్చింది. ముందు జ్వరం, తర్వాత కళ్ళు నెత్తురు ముద్దలవడం, ఆ తర్వాత ఊపిరి అందకపోవడం. ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చుంది. అంబులెన్సు డ్రైవర్లకి ఆ భాగ్యం లేదు. మూలుగుతున్నవాళ్ళని చేతుల మీద ఎత్తి బండెక్కించింది వాళ్ళే. ల్యాబులో చూస్తే హెడ్డు, ఆవిడ, ఒక టెక్నీషియను, అంతే.

ఒకరోజు కిటికీ గట్టు మీద పెట్టె ఉంది, టకటక లేదు. తెచ్చినవాడెవరో పెట్టేసి వెళ్ళిపోయాడు. పెట్టెలో ఒక గొట్టం మీద నంబరు, వయసు, పక్కన "డ్రైవరు" అని ఉంది. ఆ వయసున్న డ్రైవరు ఆస్పత్రిలో ఒక్కడే. సొంతవాళ్ళ శాంపిలు ముట్టుకోకూడదని ల్యాబు నియమం. కానీ టెక్నీషియను అప్పటికే జ్వరంతో మంచమెక్కాడు, హెడ్డు మీటింగుల్లో ఇరుక్కుపోయింది. నియమం పట్టుకు వేలాడితే ఆ గొట్టం మర్నాటికిగానీ యంత్రమెక్కదు. ఆవిడే ఎక్కించింది.

శాంపిల్లో వైరస్ ఉంటే యంత్రం తెర మీద ఒక గీత పైకి లేస్తుంది. వైరస్ ఎంత ఎక్కువుంటే గీత అంత తొందరగా లేస్తుంది. తమ్ముడి గీత అందరికంటే ముందు లేచింది. అంత తొందరగా లేచిన గీతని ఆవిడ అప్పటిదాకా చూడలేదు. వార్డులో డాక్టర్లకి ఇంకా ఆశ ఉంది. ఆవిడకి ఆ తెర ముందే ఆ ఆశ అయిపోయింది.

కాసేపటికి చిన్నోడే ఫోను చేశాడు. "ఏమొచ్చిందక్కా?"

"ఇంకా రాలేదురా. మిషను ఆలస్యం చేస్తోంది."

"నీ మిషనూ నీలాంటిదే. సరే, తేలాక చెప్పు. అమ్మకి మాత్రం చెప్పకు."

వార్డునుంచి "తొందరగా రండి" అని ఫోను వచ్చినప్పుడు ఆవిడ ముందు గుంటల ప్లేటు నిండా శాంపిళ్ళున్నాయి, పని సగంలో ఉంది. వదిలేస్తే అన్నీ పాడవుతాయి. మళ్ళీ తీద్దామంటే ఆ మనుషుల్లో ఎందరు మిగిలుంటారో. "ఇవి ఎక్కించి వస్తున్నా" అంది. వెళ్ళేసరికి తమ్ముణ్ణి సంచీలో పెట్టి జిప్పు వేసేశారు. ఒకసారి వేశాక ఎంతటివాళ్ళకైనా తియ్యకూడదు. ఆ నియమం రాసినవాళ్ళలో ఆవిడ కూడా ఉంది.

అమ్మ ఒకటే అడిగింది. "వాడి పక్కన ఎవరున్నారే?"

"నర్సు ఉందమ్మా" అంది ఆవిడ. నర్సు కూడా లేదు.

అంతటితో అయిపోయుంటే ఇది ఆ ఏడాది చాలా ఇళ్ళల్లో జరిగిన సంగతే. అయిపోలేదు. పరీక్ష చేసిన ప్రతిసారీ ఒక సాక్షి కావాలి. ఇందులో వైరస్ ఖాయంగా ఉంది అని ముందే తెలిసిన శాంపిలు. దాన్ని కంట్రోల్ అంటారు. ప్రతి ప్లేటులోనూ ఒక మూల దాన్ని పెడతారు. దాని గీత లేస్తే పరీక్ష సవ్యంగా జరిగినట్టు. లేవకపోతే ఆ ప్లేటులో వచ్చిన ఫలితాలన్నీ చెత్తబుట్టలోకే. హెడ్డు నంబర్లన్నీ చూసి, "ఆ డ్రైవరుది బలంగా ఉంది, దాన్నే పెంచుదాం" అంది. తమ్ముడు పోయాడని హెడ్డుకి తెలుసు, కానీ ఆ నంబరు అతనిదని తెలియదు. డ్రైవర్లలో అతనొక్కడే పోలేదు మరి.

ఆవిడ నోరు తెరిచి ఒక్క మాటంటే సరిపోయేది. "అవును మేడమ్, అదే బావుంటుంది" అంది.

ఎందుకలా అందో ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో! పైకి చెప్పుకోవడానికి సిగ్గేసేలా, సంతోషం కలిగింది. వాడిది ఏదో ఒకటి మిగిలింది కదా అని.

లోపలి గదిలో సీసాల్లో కణాలని పెంచి, వాటికి వేళకి ఆహారం మార్చి, వాటి మీద ఆ వైరస్‌ని పెంచేది ఆవిడే. కొంత చంపేసి కంట్రోలుగా వాడేవాళ్ళు. బతికున్నది చిన్న చిన్న గొట్టాల్లో లోపలి ఫ్రీజరులో గడ్డకట్టి ఉండేది.

టెక్నీషియను బతికి బయటపడి పనిలోకొచ్చాడు. ల్యాబులో అతని పేరు వాగుడుకాయ. నిద్రలో కూడా నోరు ఊరుకోదని భార్యే చెప్పేదిట. కంట్రోల్ అనే మాట చప్పగా ఉందని దానికి అతనే పేరు పెట్టాడు, బావగారు అని. కొత్త బావగారు నిద్ర లేచేదాకా ఇంట్లో ఎవరూ కాఫీ ముట్టనట్టు, ఈయన గీత లేచేదాకా ల్యాబులో ఎవరూ కాగితం కదపరు కదా. ఇక రోజూ పొద్దున్నే తెర ముందు అదే పలకరింపు.

"బావగారు లేచారా?"

"లేచారు మేడమ్, మంచి హుషారుగా ఉన్నారు."

ఎప్పుడైనా గీత బద్ధకిస్తే "బావగారు అలిగారు మేడమ్" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, ఆవిడా నవ్వేది. చిన్నోడు బతికుండగా పొద్దున్నే లేచిన పాపాన పోలేదు. ఆ మాట ఎవరితోనన్నా అనాలని ఆవిడకి నాలుక చివరిదాకా వచ్చేది.

అలా ఏళ్ళు గడిచాయి. జ్వరం తగ్గింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. ఆ వైరస్ ఊపిరితిత్తుల్లో ఎలా దారి చేసుకుంటుందో ఆవిడ రాసిన పరిశోధన పత్రాలు నలుగురూ చదివారు, సభల్లో చప్పట్లు కొట్టారు. రాసిందంతా తమ్ముణ్ణి చంపినదాని గురించే, వాడి ఒంట్లోంచి తీసినదాని మీదే. ఇంటికొస్తే అమ్మ ఏ మాట మధ్యలోనైనా, "కడసారి మొహం కూడా చూసుకోలేదు. వాడిది గోరు ముక్కయినా మిగల్లేదు" అనేది. ఆవిడ తల వంచుకుని అన్నం తినేది.

అప్పుడొచ్చింది పైనుంచి ఆర్డరు. ప్రాణం లేని కంట్రోలు ఇప్పుడు ఫ్యాక్టరీలోనే తయారవుతోంది, కాబట్టి ఇలాంటి ల్యాబుల్లో ఎర్రకళ్ళ జ్వరం వైరస్ బతికున్నది ఉంచకూడదు, ఉన్నదంతా నాశనం చెయ్యాలి అని. ఆ బాధ్యత ఆవిడదే. ల్యాబులో ఆవిరితో సమస్తాన్నీ చంపే పెద్ద యంత్రముంది, దాన్ని అందరూ కుక్కరు అంటారు. గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా అందులో పెట్టింది. ఆఖరి గొట్టం దగ్గర వేళ్ళు విడలేదు.

దాన్ని ఉంచుకుంది. పైన మందుతో తుడిచి, బయటి ఫ్రీజరులో అట్టడుగున, ప్రమాదం లేని పాత శాంపిళ్ళ డబ్బాలో దాచింది. పైన ఏమీ రాయలేదు. అన్నీ నాశనం చేశామని సంతకం పెట్టింది. ఇంకెవరైనా ఈ పని చేసుంటే ఆవిడే దుమ్ము దులిపేసేది. జాగ్రత్తల గురించి ఊరందరికీ పాఠాలు చెప్పిన మనిషి!

ఎండాకాలం బయటి ఫ్రీజరులో ఐసు పేరుకుపోతే వాగుడుకాయ ఖాళీ చేసి శుభ్రం చెయ్యడానికి పూనుకున్నాడు. ఆవిడ లోపలి గదిలోంచి వచ్చేసరికి అతను మామూలు బల్ల దగ్గర, మాస్కు లేకుండా, వాళ్ళ పాప బళ్ళో పాడిన పాట కూనిరాగం తీస్తూ నిలబడున్నాడు. చేతిలో పేరు లేని గొట్టం. పారేసే ముందు ఏముందో చూద్దామని బొటనవేలు మూత మీద పెట్టి తిప్పుతున్నాడు.

"పెట్టు" అంది. అతను పాట ధ్యాసలో ఉన్నాడు, వినలేదు. "కింద పెట్టరా!"

ఎన్నడూ రా అని పిలవని మనిషి. అతను బిగుసుకుపోయాడు. గొట్టాన్ని బల్ల మీద పెట్టి, "ఏముంది మేడమ్ ఇందులో?" అన్నాడు.

"బావగారు."

"బావగారు వెళ్ళిపోయారుగా? మీరేగా కుక్కర్లో పెట్టారు?"

"ఒకటి ఉంచుకున్నాను. అది... మా తమ్ముడిది."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. ముందు "అయ్యో" అన్నాడు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు.

"నాకు పాప ఉంది మేడమ్" అన్నాడు.

మూత కొంచెం వదులైంది. లోపలిది గడ్డకట్టే ఉంది కాబట్టి ఏమీ కాకపోవచ్చు. కాకపోవచ్చు అనే మాట మీద ఏ తండ్రినీ ఇంటికి పంపకూడదు. ఆవిడే హెడ్డుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. వాగుడుకాయని ఆస్పత్రిలో విడిగా ఒక గదిలో ఉంచారు. అతనికి ఏమీ కాలేదు, అది ముందే చెప్పేస్తాను. పాప రోజూ అద్దం బయటనుంచి చెయ్యి ఊపేది, లోపల అతను అటు తిరిగి కళ్ళు తుడుచుకునేవాడు. తిరిగి పనిలోకొచ్చాక అందరితోనూ వాగాడుగానీ ఆవిడతో మాత్రం అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఆవిడ కూడా మాట్లాడమని అడగలేదు.

హెడ్డు ఆ రోజు తిట్టలేదు. తిట్టినా బావుండేది. "ఇంకెవరి పేరు చెప్పినా నమ్మేదాన్ని. మీరా?" అంది. లోపలి గది తలుపు తెరిచే కార్డు ఇచ్చెయ్యమంది. "ఇకమీదట ఆస్పత్రి ముందున్న భవనంలో మూత్రం, కఫం పరీక్షలు చూసుకోండి. ఆ గొట్టాన్ని మాత్రం మీరే కుక్కర్లో పెట్టి వెళ్ళండి" అంది.

ఆవిడ గొట్టాన్ని కుక్కర్లో పెట్టి తలుపు బిగించింది. లోపల ఆవిరి బుసకొట్టడం మొదలైంది. అలవాటుకొద్దీ "వెళ్ళిరా" అనబోయి ఆగిపోయింది. మళ్ళీ రమ్మనకూడదు కదా. "వెళ్ళరా చిన్నోడా" అంది. యంత్రం చల్లారి పచ్చ దీపం వెలిగేదాకా ఊగే స్టూలు మీద కదలకుండా కూర్చుంది. ఎవరో ఫోను చేశారు, ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో కింద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆవిడ బ్యాగైనా దించకుండా ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది. తెర మీద లేచిన గీత, ఫోనులో తమ్ముడికి చెప్పిన అబద్ధం, లేని నర్సు, సగంలో ఉన్న ప్లేటు, ఫ్రీజరు, పాప ఉన్న మనిషి చేతిలో గొట్టం, ఇవాళ్టి కుక్కరు. ఏదీ దాచలేదు.

అమ్మ చెయ్యి ఆగింది. "వాణ్ణి మింగినదాన్ని తిండి పెట్టి పెంచావా?"

"అవునమ్మా."

"ఇన్నేళ్ళూ నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు."

అమ్మ ఒళ్ళో తొక్కలు ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది.

"ఇవాళ... వాడి పక్కన ఎవరున్నారు?"

"నేనున్నానమ్మా. అయ్యేదాకా అక్కడే ఉన్నా."

"అప్పుడుండాల్సింది" అంది అమ్మ.

"అవునమ్మా."

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్న మనిషి ముందు ఏం చెయ్యాలో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. లేచి వెళ్ళిపోలేదు, అక్కడే కూర్చుంది.