ఐసు కిటికీ దగ్గర గీసిన కార్డు

“బేంకోడి కొసరొచ్చింది సన్నాసిబాబూ. ఒకటీ రెండూ కాదు, రెండు వేల నాలుగొందలు.”

“మంచిదే అప్పా. దాసుకో.”

ఐసు లెక్కలు పోను, నేనూ సన్యాసిరావూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. అప్పా అన్నది ఆయన, మా వైపు అప్ప అంటే అక్క. చేపల వ్యాపారంలో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పమని పత్రికవాళ్ళు అడిగితే నాకు ముందు ఇవే గుర్తొచ్చాయి. నాకు అంకెలు బాగా తెలుసు, అక్షరాలు అంతంత మాత్రం. నా పేరు మాత్రం రాయగలను. అందుకని నేను చెబుతున్నాను, మా చెల్లెలి కూతురు గౌరి రాస్తోంది.

రెండువేల ఆరో సంవత్సరం, విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు. మా ఆయన పోయి అప్పటికి పదేళ్ళు. తెల్లారి వేలంపాటలో వంజరం, చందువా, రొయ్య కొని, థర్మోకోల్ పెట్టెల్లో సర్ది మూడు హోటళ్ళకీ, స్టీల్‌ప్లాంటు వైపు రెండు మెస్సులకీ పంపేదాన్ని. చేప కొనడం ఎవరైనా కొంటారు. దాన్ని హోటలు వంటగది దాకా చెడకుండా చేర్చేది ఐసు. అడుగున ఒక వరస ఐసు, మీద ఒక వరస చేప, మళ్ళీ ఐసు. ఐసు తక్కువైతే మధ్యాహ్నానికి మొప్ప నల్లబడుతుంది, సరుకు తిరిగొస్తుంది.

మేం ఐసు కొనేది పెద్దాయన ఐసులో. ఆ ఫ్యాక్టరీ ఓనరుని అందరూ పెద్దాయన అనేవారు, ఫ్యాక్టరీకీ అదే పేరు. కిటికీ దగ్గర కూర్చుని ఐసు దిమ్మల లెక్క రాసేవాడు సన్యాసిరావు. దిమ్మ మిషన్లో పడి పొడైపోయాక, అడుగున మిగిలిన ముక్కలు పారతో తీసి నా బేసిన్లో వేసేవాడు. అది కొసరు. ఇరవై ఏళ్ళలో నేను అడిగింది లేదు, ఆయన మానింది లేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక, సీతమ్మధార బ్యాంకు నుంచి లలిత అనే అమ్మాయి మెడలో బిళ్ళ వేసుకుని వచ్చింది. హోటళ్ళవాళ్ళు నాకు చెక్కులిస్తారు కదా, ఆ ఖాతా చూసి వచ్చిందట.

“ఇది వ్యాపారస్తుల క్రెడిట్ కార్డు అమ్మగారూ. దీంతో వెయ్యి రూపాయల సరుకు కొంటే పది రూపాయలు మీకే వెనక్కి వస్తాయి. దాన్ని కేష్‌బేక్ అంటారు.”

“కొసరన్నమాట.”

“అలాగే అనుకోండి.”

“సరుకు అమ్మింది నువ్వు కాదు గదమ్మా. కొసరు నువ్వెందుకిత్తావు?”

ఆ పిల్ల నవ్వింది. మిషను పెట్టుకున్న కొట్టువాళ్ళు బ్యాంకుకి కొంత ఇస్తారట, అందులోంచి నాకు కొంత వస్తుందట.

“అయితే కొట్టోడి దగ్గర తీసి నాకిత్తన్నావు.”

“అలా కాదండీ, ఇది సిస్టం.” అలా ఎందుకు కాదో నాకు ఇప్పటికీ తెలియదు. లేచేటప్పుడు ఇంకో మాట అంది. “మొదటి మూడు నెలలు స్పెషల్ ఆఫరు. ఇంకా ఎక్కువ కూడా రావచ్చు.” ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూస్తాం, వేలితో పొట్ట నొక్కి చూస్తాం. కార్డుకి ఎత్తడానికి మొప్ప లేదు. అందుకని తీసుకుని, వాడి చూశాను. వేలంపాటలో పనికిరాదు, అక్కడ అంతా చేతిలో నోటు. పెట్టెల కొట్టులో కార్డు గీసే మిషను ఉంది గానీ, కార్డు గీస్తే ఆ కొట్టతను నూటికి రెండు రూపాయలు ఎక్కువ వేసేవాడు. అంటే వెయ్యికి ఇరవై పోయి పది వెనక్కి. ఇదేం కొసరో అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం నచ్చింది. ఈ రోజు గీస్తే యాభై రోజుల లోపు ఎప్పుడైనా కట్టొచ్చు. హోటళ్ళవాళ్ళు నాకు నెల పైన తిప్పి గానీ ఇవ్వరు, కాబట్టి ఆ గడువు నాకు పనికొచ్చేది. కార్డు తీసుకోవాలనుకునే చిన్న వ్యాపారులు ముందు ఆ ఎక్కువ వేసేదీ, ఈ గడువూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

అలా ఉండగా పెద్దాయన ఐసులో కూడా కార్డు మిషను పెట్టారు. ఆ నెల నా ఐసు బాకీ రెండు వేల నాలుగొందలు. కార్డు పట్టుకుని వెళ్ళాను. సరిగ్గా ఆ పొద్దుటే జెల్ల చేప ముల్లు గుచ్చుకుని నా కుడి చెయ్యి ఉబ్బిపోయి ఉంది. జెల్ల ముల్లు పొడిస్తే రోజంతా మంట. మిషను చీటీ కక్కింది. దాన్ని స్లిప్పు అంటారు, దాని మీద సంతకం పెట్టాలి.

“ఎట్టప్పా సంతకం,” అన్నాడు సన్యాసిరావు.

“సెయ్యి వాసిపోనాది బాబూ. నువ్వే ఎట్టీ.”

“నానెడితే నా సంతకం అవుతాది. ఎడం సేత్తో గీసీ.”

గీశాను. ఆయన కార్డు తిప్పి వెనక నా సంతకం చూశాడు, స్లిప్పు మీద గీత చూశాడు. “పీత పాకినట్టుంది. ఇది నువ్వు కాదప్పా,” అన్నాడు.

“మరెవుల్ని?”

“ఇరవయ్యేళ్ళ నుంచి సూత్తన్నాను నిన్ను. ఇప్పుడు గీత సూసి తెలుసుకోవాలేటి?” అని స్లిప్పు సొరుగులో పడేసి, పార తీసి నా బేసిన్లో కొసరు వేశాడు.

నాలుగు రోజులకి ఇంటికి ఫోను వచ్చింది. కార్డువాళ్ళు. ఎవరో మెరైన్ ప్రొడక్ట్స్ ప్రైవేట్ లిమిటెడ్ అట, అక్కడ నేనేమైనా కొన్నానా అని అడిగారు. ఆ పేరు నేను పుట్టి వినలేదు.

“ఆలెవులో నాకు తెలీదు బాబూ,” అన్నాను.

“సరే మేడమ్, ఒక ఫారం వస్తుంది, సంతకం చేసి పంపండి.” వచ్చింది. కార్డువాళ్ళ కాగితం కదా, ఆ కేష్‌బేక్ కోసమే అనుకున్నాను. అప్పటికి చెయ్యి వాపు తగ్గింది. చక్కగా కూర్చుని, కుడి చేత్తో మంచి సంతకం చేసి పంపాను.

రెండు నెలల తర్వాత వచ్చిన బిల్లులో నేను కట్టాల్సింది రెండు వేల నాలుగొందల పైన తగ్గి ఉంది. ఆఫరు డబ్బు వచ్చేసిందనుకున్నాను. వీధిలో నలుగురికీ చెప్పాను, కార్డు మంచిదని. ఆ సాయంత్రమే కిటికీ దగ్గరికి వెళ్ళి సన్యాసిరావుకీ చెప్పాను. ఆయనన్న మాట మీరు మొదట్లోనే చదివారు. ఆ రోజు బేసిన్లో కొసరు మామూలుగానే పడింది.

గౌరి రాయడం ఆపి అడుగుతోంది. “అన్ని లెక్కలు తెలిసిన దానివి, అనుమానం రాలేదా పెద్దమ్మా?” రాలేదు తల్లీ. తగ్గితే అడుగుతాం. ఎక్కువొస్తే ఎవరడుగుతారు?

రెండు వారాలకి కిటికీలో కొత్త మనిషి కూర్చున్నాడు. సన్యాసిరావు పని మానేసి ఎలమంచిలిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడన్నారు. కార్డు మిషను కూడా తీసేశారు. పెద్దవాడయ్యాడు, విశ్రాంతి తీసుకుంటున్నాడనుకున్నాను.

ఇంకో మూడు నెలలకి లలిత వచ్చింది. టీ ఇచ్చి, ఆ రెండువేల నాలుగొందల మాట చెప్పి మెచ్చుకున్నాను. ఆ పిల్ల స్టేట్‌మెంటు అడిగింది, అంటే నెలనెలా వచ్చే లెక్క కాగితం. చూసి ముఖం చిన్నబుచ్చుకుంది.

“మీ కేష్‌బేక్ ముప్ఫై ఎనిమిది రూపాయలే అమ్మగారూ. ఇది వేరు. ఈ కంపెనీలో మీరు కొనలేదని రాసిచ్చారు. స్లిప్పు మీద సంతకం కలవలేదు. అందుకని బ్యాంకు ఆ డబ్బు కంపెనీ దగ్గర్నుంచి వెనక్కి తీసి మీకు వేసింది.”

“ఏ కంపెనీ?”

ఫోనులో విన్న ఆ పేరే చదివింది. ఎక్కడుందో కూడా చదివింది. పెద్దాయన ఐసుకి కాగితాల మీద పేరు అదట.

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను. కిటికీలో కొత్త మనిషి అన్నాడు, “సంతకం సూసుకోకుండా తీసుకున్నాడని ఆ స్లిప్పు మొకం మీద ఎట్టి జీతంలో కోసీసేరప్పా. రెండు నెలలు కోసేరు. అప్పుడే పని మానేసి ఎల్లిపోయేడు.”

మర్నాడు పాసింజరు ఎక్కి ఎలమంచిలి వెళ్ళాను. సన్యాసిరావు పోయి అప్పటికి నెల. గుండెనొప్పట. ఆయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది. కొంగులో ముడేసుకున్న రెండు వేల నాలుగొందలు తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

“ఇదేటి డబ్బమ్మా?”

“ఐసు డబ్బు. మీ ఆయన జీతంలో కోసింది నా వల్లే.”

ఆమెకి అర్థం కాలేదు. “జీతం తగ్గిందేటయ్యా అంటే, మిషను తినీసింది అన్నాడు. నీ పేరెప్పుడూ సెప్పలేదు,” అంది.

ఆ నోట్లు ఆమె తీసుకుంది. నేను తిరుగు రైలెక్కాను. కానీ ఆ మాట నన్ను వదలలేదు. ఆ స్లిప్పు మీద నా పీతగీత ఆయనకి చూపించి కోశారంటున్నారు. అంటే నేనే కొనలేదన్నానని ఆయనకి తెలియాలి. తెలిసీ “దాసుకో” అన్నాడా? లేక నిజంగానే మిషను తిన్నదనుకుని, నాకు ఏదో మంచి జరిగిందని అన్నాడా? తెలిస్తే అదే రోజు ఆ కొసరెందుకు వేశాడు? తెలియకపోతే నా ముఖం చూడకుండా పార వైపు ఎందుకు తిరిగాడు? తిరిగాడో లేదో కూడా ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తులేదు.

కార్డు ముక్కలు చేశాను. అందరూ చెయ్యక్కర్లేదు, ఆ గడువు పనికొచ్చేవాళ్ళు ఉంటారు. నాకు ఆ పనిలో తెలిసింది ఒక్కటే. డబ్బు వెనక్కి వచ్చిందని ఎవరైనా చెబితే, ఎంతొచ్చిందని కాదు, ఎవరి చేతిలోంచి వచ్చిందని అడగండి. నేను లలితని మొదటిరోజే అడిగాను. జవాబు రాకుండానే సంతకం పెట్టాను.

ఇక చాలు గౌరీ, కలం పెట్టీ. మొత్తం వద్దు, మొదట రాసిన రెండు మాటలే చదివి వినిపించు. నా మాట నువ్వెలా చదివినా పర్లేదు. ఆయన మాట మాత్రం నెమ్మదిగా చదువు.