చప్పుడు చేయని గల్లగురిగి

ఎల్బీనగర్ చింతలకుంటలో ఎస్తేరమ్మ చికెన్ దుకాణం తెలియనివాళ్లు తక్కువ. మొగుడు పోయాక కత్తి తనే పట్టింది. కోడి మెడ కోసి డ్రమ్ములో పడేసి, అది లోపల దబదబా కొట్టుకుంటుంటే బయట గిరాకీలతో గొడవ పెట్టుకునేది. బేరమాడినవాడికి కత్తిని మొద్దు మీద దిగేసి జవాబు చెప్పేది. నోరు కూడా ఆ కత్తికేమీ తీసిపోదు. అందుకే ఆమె పోయే చర్చి సంఘంలో గల్లగురుగుల పని ఎవరికి అప్పగిద్దామని అడిగినప్పుడు ఒక్కరు కూడా ఇంకో పేరు చెప్పలేదు.

గల్లగురిగి అంటే అన్ని వైపులా మూసిన మట్టి ముంత. పైన సన్నటి సందు ఒక్కటే ఉంటుంది. వేయడానికే తప్ప తీయడానికి దారి లేదు, పగలగొట్టాల్సిందే. హార్డ్‌వేర్ షాపు పైన రేకుల హాల్లో నడిచే ఆ సంఘం, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమల కాలం మొదలవగానే ఇంటికొక గురిగి పంచేది. ప్రతి ఇల్లూ తోచింది వేసి, ఈస్టర్ ఆరాధన ముగియగానే తెచ్చి, జంపఖానా మీద రాయితో పగలగొట్టాలి. ఆ యేడు వచ్చిన సొమ్ముతో శవాన్ని ఉంచే ఫ్రీజర్ కొనాలనుకున్నారు. పోయిన ఎండాకాలం సంఘస్తుడు అంతయ్య చనిపోతే కిరాయి ఫ్రీజర్ వచ్చేసరికి పొద్దుగూకింది. అప్పటికే శవం ఉబ్బిపోయి, కన్నబిడ్డనే దగ్గరికి పోనివ్వలేదు. ఆ పిల్ల ఏడుపు విన్నవాళ్లెవరూ ఈ పనికి కాదనలేదు.

ఎస్తేరమ్మ ప్రతి వారం ఇల్లిల్లూ తిరిగేది. గురిగిని చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. గలగలమంటే ఆ ఇంటికి వందనాలు. గలగలమనకపోతే వాడకట్టంతా వినేటట్టు తగులుకునేది.

"బిర్యానీలకు లేస్తయి గని దేవునికి చిల్లర ఎయ్యనీకె లేస్తలేవా మీ చేతులు?"

పోతూ పోతూ ఒక కథ కూడా చెప్పిపోయేది. "మా ఊర్ల ఒకడు సంఘం పెట్టెల చెయ్యి పెట్టిండు. ఏడాది తిరగలే, గా చెయ్యి కట్టెలెక్క ఎండుకపోయింది. దేవుని సొమ్ముతోని ఆటలా?" ఆ మనిషికి పక్షవాతం వచ్చింది తాగి తాగి అని ఆమెకు బాగా తెలుసు. కానీ ఆ ముక్క కూడా చెబితే ఇంకెవరు భయపడతారు?

మీర్‌పేట్‌లో అండాలమ్మ అనే ముసలామె ఇంటి వెనక గదిలో సాధన, ఫిన్నీ అనే ఆలుమగలు కిరాయికి ఉండేవాళ్లు. ఫిన్నీ క్యాబ్ నడుపుతాడు. ఆదివారాలు సంఘంలో డ్రమ్ ప్యాడ్స్ వాయిస్తాడు. అతను వాయిస్తుంటే పాట లేచి నిలబడుతుందని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఇంటికి పోతే ఆ చేతులే సాధన మీద పడేవి. టీవీ పగలగొట్టాడు, ఆమె ఫోను గోడకేసి కొట్టాడు, ఒకసారి ఆమె ముందుపన్ను రాలగొట్టాడు. సంఘానికంతా తెలుసు. తెలిసి ఏం చేశారు? ప్రార్థన చేశారు. ఎస్తేరమ్మ కూడా వాళ్లతోపాటే కళ్లు మూసుకుంది.

ఒక వారం సాధన గురిగి ఊపితే చప్పుడే లేదు. ఎస్తేరమ్మ వాకిట్లో నిలబడి దులిపేసింది. సాధన తల వంచుకుని, "ఏస్త పెద్దమ్మా" అని మాత్రం అంది. ఆ తర్వాతి వారం గురిగి బరువుగా ఉంది, కానీ మళ్లీ చప్పుడు లేదు. ఎస్తేరమ్మకు అనుమానం వచ్చి సందులోకి కన్ను పెట్టి చూసింది. లోపలంతా మడతపెట్టి కుక్కిన నోట్లు. ఆమెకు సిగ్గేసింది. ఈ పిల్లనా నేను నలుగురిలో కడిగేసింది? ఆ తప్పు కూడా నలుగురిలోనే దిద్దుకోవాలనుకుంది.

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఆరాధన మధ్యలో లేచి నిలబడింది.

"మీరంతా చిల్లర ఏసి చప్పుడు జేస్తున్నరు. గా సాధనను జూసి నేర్చుకోన్రి. గురిగి నిండ నోట్లే! నా కన్నుతోని జూసిన."

అందరూ హల్లెలూయ అన్నారు. సాధన ముఖం పాలిపోయింది. ప్యాడ్స్ దగ్గర ఫిన్నీ చేతులు ఆగిపోయాయి.

మధ్యాహ్నం అండాలమ్మ ఫోన్ చేసింది. "మీ ఫిన్నీగాడు పిల్లను సంపుతుండు, జల్దీ రా." ఎస్తేరమ్మ దుకాణం షట్టర్ కూడా వేయకుండా ఆటో ఎక్కింది.

గదిలో గోడ మీద నెత్తురు చారలుగా కారి ఉంది. సాధన మూలకు ఒదిగి కూర్చుంది. ఎడమ చెయ్యి మోచేతి కింద వంకరపోయి వేలాడుతోంది. దవడ ఒక పక్క బూరెలా వాచింది. ఫిన్నీ మంచం మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. గూట్లో గురిగి చెక్కుచెదరకుండా ఉంది.

"దిల్‌సుఖ్‌నగర్ దుకాణానికి చీరల ఫాల్స్ కుట్టిన పైసలవి పెద్దమ్మా," సాధన పెదవులు కదలకుండా చెప్పింది. "ఏటీఎం కార్డు ఆయన కాడుంటది. ఎక్కడ దాసినా ఎతుకుతడు. గా గురిగొక్కటే ముట్టడు. ఈస్టర్‌కు ముందుగాల అది పట్టుకొని సూర్యాపేట అక్క కాడికి పోదామనుకున్న."

"ఇప్పుడే నడువ్. బస్సుల ఆడోళ్లకు ఫ్రీయే గదా!"

"పోయినసారి ఉత్త చేతులతోని పోతే బావ తెల్లారే తోలిండు. కుట్టు మిషను కొనుక్కోవాలె, అర్ర కిరాయికి తీసుకోవాలె. అవి లేకుండ యాడికి పోను?"

ఎస్తేరమ్మ గూటి వైపు చెయ్యి చాపింది. ఫిన్నీ లేచి అడ్డం నిలబడ్డాడు. అతని పిడికిళ్ల మీద చర్మం లేచిపోయి ఉంది.

"నువ్వే చెప్పినవ్ గదా పెద్దమ్మా, దేవుని సొమ్ము ముడితే చెయ్యి ఎండుకపోతదని? నేను ముట్ట. మిమ్ముల ముట్టనియ్య. ఈస్టర్ నాడు అందరి ముందట దేవునిది దేవునికే ఇస్త. గప్పుడు ఇది యాడికి పోతదో నేను జూస్త."

ఎస్తేరమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తన అబద్ధమే ఆ గదికి తాళమై కూర్చుంది. తన మెప్పుకోలే ఆ పిల్ల చెయ్యి విరిచింది. సాధనను దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించింది. ఫిన్నీ దవాఖాన గేటు దాకా వచ్చి ఆమెను మళ్లీ ఇంటికి తోలుకుపోయాడు. పాస్టర్ యెహెజ్కేలుగారి దగ్గరికి పోతే, పండగ కానివ్వండి, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడదాం అన్నాడు. ఆ వారమంతా ఆమె కోళ్లను కోస్తున్నట్టు లేదు, నరుకుతున్నట్టుంది. బొటనవేలు సగం తెగినా కట్టు కట్టుకుని మళ్లీ నరికింది.

ఈస్టర్ నాడు హాలు కిటకిటలాడింది. ఒక్కో కుటుంబం వచ్చి గురిగి పగలగొడుతోంది. పెంకులు ఎగిరిపడుతున్నాయి, చిల్లర జంపఖానా మీద కుప్పపడుతోంది. ఫిన్నీ తెల్ల చొక్కాలో వచ్చాడు. వెనక సాధన, చెయ్యి మెడకు వేలాడేసుకుని, చున్నీతో దవడ కప్పుకుని ఉంది. అతను గురిగి కింద పెట్టి, రాయి తీసి ఆమె మంచి చేతిలో పెట్టాడు.

"నువ్వే కొట్టు. నీ చేతులతోని నువ్వే ఇయ్యి."

సాధన కదల్లేదు. అతను నవ్వుతూనే ఆమె విరిగిన చేతిని పట్టి నొక్కాడు. ఆమె కేక వేసి రాయి దించింది. గురిగి రెండు చెక్కలైంది. నోట్ల మడతలు బయట పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు.

ఎస్తేరమ్మ మోకాళ్ల మీద కూలబడి ఆ నోట్లన్నీ కొంగులోకి ఊడ్చుకుంది.

"ఏంటమ్మా ఇది? అది దేవుడి సొమ్మండీ!" అన్నాడు పాస్టర్.

"దేవునిది గాదయ్యా, ఈ పిల్లది. దేవునికి కావాలంటే నా దుకాణం రాసుకోమను."

"మరి చెయ్యి ఎండిపోతుందని మీరే కదా ఇంటింటికీ చెప్పారు?"

"అబద్దం జెప్పిన. నాకు శిక్ష పడితే పడనియ్!"

కొంగులోని నోట్లన్నీ సాధన చున్నీ కొసన మూటగట్టగానే ఫిన్నీ సాధన జుట్టు పట్టి వెనక్కి లాగాడు. ఆమె తల కుర్చీ కోడుకు తగిలి టప్పుమంది. ఇంతమంది మగవాళ్లున్నారు, ఒక్కడు కూడా లేవలేదు. ఎస్తేరమ్మ చేతికి అందింది తన గురిగి, ఇంకా పగలగొట్టనిది, అంచుదాకా చిల్లర నిండినది. రెండు చేతులా ఎత్తి ఫిన్నీ నెత్తిన కొట్టింది. పెంకులు నుదుటి మీద దిగాయి. నెత్తురు తెల్ల చొక్కా మీదికి కారింది. చిల్లర కుర్చీల కింద దొర్లింది. అతను మోకాళ్ల మీద పడగానే ఆమె సాధనను రెక్క పట్టి మెట్లు దించి ఆటో ఎక్కించింది.

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక సూర్యాపేట బస్సు ఆగి ఉంది. నోట్ల మూటతో సాధనను ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. సరిగ్గా అప్పుడే ఫిన్నీ బైకు ఫుట్‌పాత్ ఎక్కింది. ముఖమంతా నెత్తురు, చేతిలో హెల్మెట్. బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతుంటే ఎస్తేరమ్మ రోడ్డు మీద పడి ఆ కాలిని రెండు చేతులా చుట్టేసుకుంది.

అతను హెల్మెట్‌తో ఆమె వీపు మీద కొట్టాడు. మెడ మీద కొట్టాడు. మూడో దెబ్బకు చెవి చీలింది. జనం గుమిగూడి ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. కిటికీలోంచి చూసిన సాధన ఏడుస్తూ తలుపు దగ్గరికి వచ్చింది.

"దిగినవంటే నేనే సంపుతా నిన్ను!" కింది నుంచి ఎస్తేరమ్మ అరిచింది. "రైట్ అను కండక్టరమ్మా!"

కండక్టరమ్మ సాధనను లోపలికి లాగి తలుపు వేసి రైట్ రైట్ అంది. బస్సు కదిలింది. ఫిన్నీ ఇంకా కొడుతూనే ఉన్నాడు. ఎస్తేరమ్మ నోట్లోంచి నెత్తురూ, ఒక పన్నూ రోడ్డు మీద పడ్డాయి. చివరికి చాయ్ బండి లింగస్వామి, ఇంకో ఇద్దరూ వచ్చి ఫిన్నీ చేతులు వెనక్కి విరిచి హెల్మెట్ గుంజుకున్నారు.

"ఇడువమ్మా, ఇగ ఇడువు. ఆన్ని మేం పట్టుకున్నం," లింగస్వామి ఆమె భుజం తట్టాడు.

"బస్సు పోయిందా?"

"ఎప్పుడో పోయింది."

"ఊరి చివర హయత్‌నగర్ దాటిందా?"

"ఆడిదాంక పోయిందో లేదో నాకేం తెలుసమ్మా? నెత్తురు కారుతుంది, లే."

ఆమె చెంప తారు రోడ్డుకు ఆనించి, ఫిన్నీ కాలిని ఇంకా గట్టిగా హత్తుకుంది.

"దాటినంక చెప్పు. గప్పుడు లేస్త."