బావ కాలేయం ముక్క

ఆసుపత్రి ల్యాబులో మా అక్క పరీక్ష కోసం మైనంలో పొదిగిన కండను పొరలుగా కోస్తుంది. ఆమె కోసిన పొర ఎంత పలచనంటే, దాని మీద ఈగ వాలితే ఈగే బరువనిపిస్తుందని ఊరంతా చెప్పింది నేనే.

నేను క్యారేజీ తీసుకెళ్లిన రోజున బల్ల మీద పరీక్షకు తీసిన బావ కాలేయం ముక్క ఉంది. వేరేవాళ్లను ముట్టుకోనివ్వలేదట. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆమె కోసిన పొర ముడత పడింది.

"అరిగిన కాలేయాన్ని బాగుచెయ్యడానికి లేత కణాలు లేస్తాయిరా. అవే దారి తప్పితే క్యాన్సర్ అవ్వచ్చు," అంది.

"దారి తప్పడానికి ఇంటికి నేనొక్కణ్ణి చాలు, బడి మానేసిన అనుభవముంది. వాటికా మాట చెప్పక్కా!"

"నోర్ముయ్, వెధవా!" అక్క నవ్వి, కళ్లు తుడుచుకుని మళ్లీ కోసింది. ఈసారి ముడత పడలేదు.

సాయంత్రం డాక్టరమ్మ ఆ పొరను చూసి, "లేత కణాలు చాలానే లేచాయి. ఇందులో ఏదీ దారి తప్పలేదు," అంది.

అక్క మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. "బావకు నువ్వే చెప్పరా. ఉన్నదున్నట్టు చెప్పు," అంది.

ఉన్నదున్నట్టే చెప్పాను. బావ నమ్మక, అక్కకు ఫోన్ చేశాడు.